చీమకి చీమ ఎదురైతే ఎందుకు ఆగుతుంది

...అవునర్రా, మాట్లాడేవి. గొంతెత్తి మాట్లాడేవి. నువ్విప్పుడొచ్చావా? ఆ తట్ట పక్కకి జరిపి కూచో. కాలు చూసి పెట్టు, కింద బారు పోతంది. చీమల సంగతే చెప్తన్నాను వీళ్ళకి. మళ్ళీ మొదట్నించీ చెప్తాలే.

ఒకప్పుడు చీమలకి గొంతుండేది. సన్న గొంతే, కానీ పక్కవాళ్ళకి బాగానే వినబడేది.

కాలవ గట్టు మీద వాటి పుట్ట. అందులో ఎవరికీ ఎవరూ పని పురమాయించేవాళ్ళు కాదు. ఒక చీమ బెల్లంముక్క చూసిందనుకో, ఎదురొచ్చినదానికి చెప్పేది. అది ఇంకోదానికి చెప్పేది. గోడ కూలిందనుకో, దగ్గరున్నవాళ్ళు మట్టి తెచ్చేవాళ్ళు. అంతే. గోల మాత్రం గోలే. ఒక్కోసారి ఒక్క నూకగింజకి ముప్పైమంది వెళ్ళి, ఇరవైతొమ్మిదిమంది ఊరికే తిరిగొచ్చేవాళ్ళు. దారిపొడుగునా నవ్వుకుంటా.

అది గండయ్యకి నచ్చలేదు. గండయ్యంటే పెద్ద తలకాయున్న చీమ. తల పెద్దది కదా, అందరూ కాస్త ఒదిగుండేవాళ్ళు.

"ఏంటే ఈ సంత?" అన్నాడు. "ఇకనుంచి ఏ మాటైనా ముందు నాకు చెప్పండి. ఎవరికి చెప్పాలో నేను చెప్తా. నాకు చెప్పేదాకా దారిలో ఎవరితోనూ నోరు విప్పొద్దు."

"అందరం ఒకేసారి వస్తేనో?" అంది ఒక ముసలిచీమ.

"వరసలో రండి. తలా ఒక ఆకుముక్క పెట్టి మీ చోటు ఉంచుకోండి. పిలిచినప్పుడు రండి."

అందరికీ బావుందనిపించింది. నిజం చెప్పాలంటే బావుంది కూడా. గోల పోయింది. గింజకి ఒక్కరే వెళ్తన్నారు. గండయ్య గది ముందు ఆకుముక్కలు వరసగా, ఎంత ముచ్చటగా ఉండేవో. "ఇన్నాళ్ళూ ఎంత మొద్దుగా బతికామే!" అనుకున్నారు.

ఆ పుట్టలో పోలమ్మ, నూకాలు అని అక్కాచెల్లెళ్ళు. పోలమ్మ బయట గట్టు మీద కాపలా. చెల్లెలు నూకాలు అడుగు గదిలో గుడ్లు చూసుకునేది. గుడ్లంటే ప్రాణం దానికి. రోజూ ఒక్కోదాన్నీ నాకి, తిప్పి పెట్టేది.

ఒక మధ్యాహ్నం. ఎండ కాస్తానే ఉంది. ఎక్కడో పైన వానలు పడ్డాయి కాబోలు, పోలమ్మ చూస్తే కాలవ గట్టు అంచుదాకా పొంగింది. ఒకచోట మట్టి నాని, నీళ్ళు ఇవతలికి కారతన్నాయి. పోలమ్మ కాళ్ళు తడిసిపోయాయి.

పరిగెత్తింది. పుట్ట కన్నం గట్టు కిందవైపు. పైనున్న గండయ్య గదికి ఎక్కే దారి, అడుగు గది ముందునుంచే.

నూకాలు గుమ్మంలోనే ఉంది. "ఏంటక్కా, కాళ్ళు తడిసినాయి?"

పోలమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"ముందు పెద్దాయనకి చెప్పాలమ్మా. నీకు తర్వాత చెప్తా."

"వానా?"

"చెప్తానన్నానుగా!"

పోయింది.

గండయ్య గది ముందు పదకొండు ఆకుముక్కలు. పోలమ్మ పన్నెండోది పెట్టింది. లోపల ఒకామె పంచదార పలుకు గురించి చెప్తంది. ఎక్కడుంది, ఎంతుంది, తెల్లగా ఉందా, మురికి పట్టిందా.

"అయ్యా, నాది కొంచెం తొందర..." అంది పోలమ్మ మెల్లగా.

"అందరిదీ తొందరేలే," అంది ముందు నిలబడ్డామె. "మేమేమన్నా ఆడుకోడానికొచ్చామా?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పోలమ్మకి సిగ్గేసింది. తలొంచుకుని నిలబడింది.

ఏడో ఆకుముక్క తీసేసరికి గట్టు తెగింది.

నీళ్ళు ముందు అడుగు గదిలోకే పోయాయి. పోలమ్మ వెనక్కి పరిగెత్తింది. నూకాలు గుడ్లని ఒక్కోదాన్నీ నోట కరుచుకుని పై అంచు మీద పెడతంది. నాలుగు పెట్టింది. వందలు కింద తేలిపోతన్నాయి. ఐదోదానికోసం మళ్ళీ దిగింది. పోలమ్మ కాలు చాచింది. అందలేదు. నూకాలు అక్కని చూసి ఒక్క మాటంది. మునిగిపోయింది.

నీళ్ళు తీశాక బతికినవాళ్ళు గట్టు మీద చేరారు. గండయ్య కూడా బతికాడు. ఆయనది పై గది కదా.

"నాకేం తెలుసు?" అన్నాడు. "ఆమె వంతు రాలేదు. వచ్చుంటే వినేవాణ్ణిగా!"

ఎవరూ ఆయన్నేమీ అనలేదు. బావుందన్నది వాళ్ళే కదా మరి. ఏడ్చారు. మూడు రోజులు ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి గొంతులు పోయాయి. పోయినవి మళ్ళీ రాలేదు. గండయ్య గది ముందుకి కూడా మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు.

పోలమ్మ మాత్రం ఎదురొచ్చిన ప్రతి చీమ దగ్గరా ఆగేది. గొంతు లేదుగా, మీసానికి మీసం తాకించి చెప్పేది. అక్కడ తడుంది, ఇక్కడ తిండుంది, అటు పోకు. చెప్పాకే కదిలేది. చూసి చూసి మిగతావీ ఆగడం మొదలెట్టాయి.

అప్పటినుంచే చీమలు ఎదురుపడితే ఆగుతాయి. నోట్లో గింజున్నా, ఎంత బరువు లాగతన్నా, మొహానికి మొహం తాకించిగానీ కదలవు. కావాలంటే చూడు, అదిగో ఆ బారులో.

నూకాలు మునిగేముందు ఏమందో పోలమ్మ ఎవరి దగ్గరా దాచలేదంట. తప్పు తన మీదకే వస్తుందని తెలిసినా ఒక్క ముక్క మార్చలేదంట. చెల్లి ఎలా అందో అలాగే చెప్పేదంట:

"నా ముందునుంచే పోయావు గదక్కా."