ఎడంచేతి క్షవరం

ఆరాధన ఇంకా ఇరవై రెండు రోజులుందనగా కోటిరత్నం కంప్యూటరు పొగ వదిలింది.

ముందు చిటపటమంది. తర్వాత కాలిన వాసన కొట్టింది. ఆ తర్వాత తెర నల్లబడిపోయి ఇంక నోరెత్తలేదు. కనిగిరి నుంచి వచ్చిన రిపేరు మనిషి మూత విప్పి లోపలికి ఒకసారి చూసి, చచ్చినోడి మొహం మీద దుప్పటి కప్పినట్టు మళ్ళీ మూత పెట్టేశాడు.

"లోపలున్నవన్నీ పోయినట్టేనమ్మా" అన్నాడు.

లోపలున్నవి నూట ఎనిమిది తత్వాలు. ఆశ్రమం సామి మాలకొండదాసు గారికి గురువైన పెద్దసామి పాడినవి. ఈ ఆరాధనకి పుస్తకం వెయ్యాలని అందరూ అనుకున్నారు. పోయిన ఏడే కోటిరత్నం అన్నీ కొట్టేసింది. కాగితాల మీద తీసి ఒక సంచిలో కూడా పెట్టింది. కానీ ఒంగోలు ప్రెస్సు వాళ్ళు కాగితాలు పనికిరావు, పెన్‌డ్రైవులో వేసి తెమ్మన్నారు. తెద్దాంలే, తెద్దాంలే అనుకుంటుండగానే ఇది పొగైపోయింది.

"పోతే పోయింది. మళ్ళీ కొడతా. పది రోజుల పని" అంది కోటిరత్నం.

అనగలదు కూడా. ఆమె మొగుడికి పొదిలిలో పెళ్ళికార్డులు, కరపత్రాలు కొట్టే షాపుండేది. ఆయన పోయాక ఏడుస్తూ కూర్చుంటే కరెంటు బిల్లు ఎవరు కడతారని పదకొండో రోజు దాటగానే తనే కుర్చీ ఎక్కింది. చదివింది ఏడో తరగతి. కానీ పది వేళ్ళూ పరిగెత్తేవి. షాపు అమ్మేసి ఆశ్రమానికి వచ్చాక ఆమె పని చూడ్డానికే కొందరు వచ్చేవాళ్ళు. కళ్ళు కాగితం మీద, వేళ్ళు కీబోర్డు మీద, నోరు హార్మోనియం జాలయ్య మీద. మూడూ ఒక్కసారే నడిచేవి.

"చూడకుండా కొట్టే కోటిరత్నం" అని పేరు పడింది. వింటే విననట్టు ఉండేది గానీ, విన్న రోజు ఇంకొంచెం వేగంగా కొట్టేది.

ఇప్పుడు కావాల్సింది కంప్యూటరు. ఆశ్రమంలో ఉన్నదల్లా అన్నదానానికి తీసిపెట్టిన డబ్బు. దాని మాట ఎత్తితే సామి తల కూడా ఎత్తలేదు.

"అది ఇస్తట్లోకి పోయే డబ్బమ్మా" అన్నాడు. అంతే.

నాలుగో రోజు యేసుపాదం ఆటోలో ఒక డబ్బా దించాడు. అతను జూనియర్ కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకుంటాడు. కాలేజీలో పక్కన పడేసిన పాత మిషన్లు మూడు తెచ్చి, విప్పి, ఒకటి చేశాడు.

"కొత్త విండోస్ దీంట్లో నడవదక్కా, ముసల్ది. అందుకని లినక్స్ వేశా. ఇది ఊరికే వస్తుంది. రూపాయి ఖర్చు లేదు" అన్నాడు.

తెర వెలిగింది. మూలలో పెంగ్విన్ పక్షి బొమ్మ. ఎడం పక్కన ఉండాల్సినవి పైనున్నాయి, కింద ఉండాల్సినవి అసలు లేవు.

"ఇదేందయ్యా, అద్దె ఇల్లు మారినట్టుంది" అంది కోటిరత్నం.

"అలవాటైపోద్దిలే అక్కా. ఒక్కటే సంగతి. నీ పాత అక్షరాలు దీంట్లో రావు. దీని వరస వేరు. ప్రెస్సు వాళ్ళు కూడా ఇప్పుడు ఈ వరసలోనే అడుగుతున్నారు. అందుకే ఇదిగో..."

కీబోర్డు చూపించాడు. ప్రతి మీట మీదా పచ్చ స్టిక్కరు, దాని మీద అక్షరం. అ, ఆ, క, ఖ.

కోటిరత్నం మొహం ఎర్రబడింది.

"నాకు స్టిక్కర్లా? పలకా బలపం కూడా తేకపోయావా?"

"చూసి కొట్టాలక్కా, కొన్నాళ్ళు..."

"ఇరవై ఏళ్ళ నుంచి కొడతన్నా. నా వేళ్ళకి తెలుసు. నువ్వు పో, మజ్జిగ తాగి పో."

అతను మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. కొత్త మిషను వచ్చిందని వంటసాల నుంచి, పూలతోట నుంచి జనం మూగారు. కోటిరత్నం సంచిలోంచి మొదటి కాగితం తీసి నిలబెట్టింది. కళ్ళు దాని మీద పెట్టింది. వేళ్ళు వదిలింది.

టకటకటక. అదే వేగం. కీబోర్డు చూడలేదు, తెరా చూడలేదు. చూస్తే చూడకుండా కొట్టే కోటిరత్నం ఎట్లా అవుతుంది? పేజీ అంతా కొట్టి, చివర చుక్క పెట్టి, అప్పుడు తలెత్తింది.

వెనక నుంచి జాలయ్య మెడ చాచి తెరలోకి చూసి, గొంతు సవరించుకుని, హార్మోనియం పెట్టె మీద శ్రుతి పట్టుకున్నాడు.

"జపలే తకిమా... గుచరట డోమపా..."

తెర మీద ఉన్నది ఉన్నట్టు పాడాడు. మోహన రాగంలో పాడాడు. చరణం కూడా పాడాడు. రెండోసారికి వంటసాల వాళ్ళు తాళం కూడా వేశారు. తోట మల్లయ్య నవ్వలేక గోడ పట్టుకున్నాడు.

"ఇది చాలా లోతైన తత్వం అక్కా. పెద్దసామికి కూడా తెలిసుండదు" అన్నాడు జాలయ్య.

కోటిరత్నం లేచి మిషను మీద తువ్వాలు కప్పింది. తువ్వాలు చాలలేదు. ఇంకోటి కప్పింది.

నేరుగా సామి దగ్గరికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు.

"సామీ, అది మనకి పనికిరాదు. మన రకం కాదు. రేపు ఓబులరెడ్డన్న వస్తాడు గదా. గడ్డం చేయించుకున్నాక మనిషి కాస్త మెత్తగా ఉంటాడు. అప్పుడు అడుగుతా. పాత రకందే ఒకటి కొనిపెడతాడు."

"అడుగుదువులే."

"ఈ వయసులో నన్ను మళ్ళీ అ ఆలు దిద్దమంటే ఎట్లా సామీ? జనం ముందర?"

సామి ఒక కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేశాడు. గింజ ఒకటి ఎగిరి కింద పడితే వెతికి తీసుకున్నాడు.

"రేపు నీళ్ళ గిన్నె నువ్వు పట్టుకో" అన్నాడు.

ఆ ఆశ్రమంలో ఒక పద్ధతుంది. మాలకొండదాసు గారు క్షౌరం చేసే ఇంట్లో పుట్టాడు. నాన్న కత్తుల పొది తీసుకుని ఊళ్ళు తిరిగాడు. సామి అయ్యాక కూడా పొది వదల్లేదు. నెలకొకసారి, పున్నానికి ముందు రోజు, మగ శిష్యులందరికీ గడ్డం ఆయనే చేస్తాడు. మంత్రం చెవిలో ఊదడం లాంటివి అక్కడ లేవు. ఎంత ఆసామి అయినా వచ్చి గొంతు ఎత్తి ఆయన కత్తి కింద పెట్టాలి. అదే దీక్ష.

ఆయన చెయ్యి అట్లాంటిది మరి. వానల సంగతి మాట్లాడుతూ, దారిన పోయేవాళ్ళని పలకరిస్తూ, ఎటో చూస్తూ చేసేవాడు. కత్తి తగిలినట్టు కూడా ఉండేది కాదు. ఒక్కో గడ్డం అయిదు నిమిషాలు.

పొద్దున్నే ఓబులరెడ్డి వచ్చి ముందు కూర్చున్నాడు. మిరపకాయల వ్యాపారం ఆయనది. మీసం ఊరంతటికీ తెలిసిన మీసం. పక్కన కోటిరత్నం నీళ్ళ గిన్నె పట్టుకుని కూర్చుంది. వెనక తొమ్మిది మంది మగవాళ్ళు వరసలో ఉన్నారు.

సామి పొది విప్పాడు. కత్తి తీసి తోలుపట్టా మీద నాలుగుసార్లు నూరాడు. ఓబులరెడ్డి గడ్డం తడిపాడు. ఆ తర్వాత కత్తిని కుడిచేతిలోంచి ఎడంచేతిలోకి మార్చుకున్నాడు.

ఓబులరెడ్డి కళ్ళు మూసుకోబోయి తెరిచాడు.

"సామీ, అది ఎడంచెయ్యి."

"అవును."

"కుడిచేతికి ఏమన్నా దెబ్బ..."

"లేదు. బాగానే ఉంది."

"మరి మీసం..."

"మీసం ఎక్కడుందో చూసుకుంటూ పోతాలే. నువ్వు మాట్లాడబాక, కదులుద్ది."

వెనక వరసలో పదో మనిషి నెమ్మదిగా లేచి, తనకి తోటలో పనుందని చెప్పి వెళ్ళిపోయాడు. తొమ్మిదో మనిషి ఎనిమిదో మనిషిని ముందుకు జరుగు అన్నాడు. ఎనిమిదో మనిషి నువ్వే రా ముందుకి అన్నాడు.

కోటిరత్నం నీళ్ళ గిన్నెని ఇంకొంచెం దగ్గరికి జరిపింది.

సామి ఎటూ చూడలేదు. ఎవర్నీ పలకరించలేదు. ఓబులరెడ్డి మొహానికి బెత్తెడు దూరంలో మొహం పెట్టి, కొత్తగా రాత నేర్చుకునే పిల్లాడిలా నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, కత్తిని గోరంత జరిపాడు. ఆపాడు. చూశాడు. ఇంకో గోరంత జరిపాడు. కత్తి వంకర పోతే తీసేసి మళ్ళీ పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. అరవై ఏళ్ళు కత్తి పట్టిన మనిషికి.

ఒకచోట చిన్న గాటు పడింది. పటిక రుద్దాడు.

"మండిందా?"

"మండింది సామీ."

"నాకు తెలవాలి గదా" అన్నాడు. మళ్ళీ వంగాడు.

కుడి చెంప పూర్తయ్యేసరికి ఎండ అరుగెక్కింది. సామి వేలితో ఆ చెంప తడిమి చూసుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"వచ్చిందే! చూడండిరా, వచ్చింది!"

అట్లాంటి నవ్వు ఆయన మొహంలో కోటిరత్నం ఎప్పుడూ చూడలేదు. వరసలో వాళ్ళు కూడా భయం మర్చిపోయి దగ్గరికి వచ్చి చెంప చూశారు. తోటకి వెళ్ళినవాడు కూడా తిరిగొచ్చాడు. జాలయ్య అయితే ముట్టుకుని చూసి, "కొంచెం గరుగ్గా ఉంది గానీ, చెంపే" అన్నాడు.

రెండో చెంప అయ్యేసరికి వంటసాలలో గంట కొట్టారు. మీసం క్షేమంగా ఉంది. చెవి కింద మాత్రం వెంట్రుకలు ఒక పాయ మిగిలిపోయాయి.

ఓబులరెడ్డి మొహం కడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. గాటు చూసుకున్నాడు. ఆ పాయ తడుముకున్నాడు. కోప్పడతాడేమోనని అందరూ ఒకడుగు వెనక్కి వేశారు.

"ముప్పై ఏళ్ళ నుంచి మీకు గడ్డం ఇస్తన్నా సామీ" అన్నాడు మెల్లగా. "మీరు నా మొహం చూసింది ఇయ్యాలే."

సామి కత్తి తుడిచి, "తర్వాత ఎవరు?" అన్నాడు. తొమ్మిది మందీ ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు.

ఓబులరెడ్డి చెప్పులు వేసుకుంటూ కోటిరత్నం వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, నన్నేదో అడగాలన్నావంట?"

కోటిరత్నం గిన్నెలో నీళ్ళు చెట్టు మొదట్లో పారబోసింది.

"ఏం లేదన్నా. గాటుకి పసుపు పెట్టుకో."

ఆ మధ్యాహ్నం తువ్వాళ్ళు రెండూ తీసి ఆరేసింది. కళ్ళజోడు పెట్టుకుని స్టిక్కర్ల మీదికి వంగింది. ఒక్క వేలు. పె ఎక్కడుంది? ద్ద ఎట్లా? "సా" కోసం కాసేపు వెతికింది. దొరికాక, తెలియకుండానే నాలిక పళ్ళ మధ్యకి వచ్చింది.

మొదటి రోజు ఒకటిన్నర తత్వం అయింది. జాలయ్య వచ్చి వెనక నిలబడి, "జపలే తకిమా పాడనా అక్కా?" అన్నాడు.

"పాడు. కానీ ముందు ఇది చెప్పు, ట కింద ఒత్తు ఎక్కడ చచ్చింది?"

ఇద్దరూ కలిసి వెతికారు. దొరికినప్పుడు ఇద్దరూ ఒకేసారి అరిచారు.

నాలుగో రోజు మూడు తత్వాలు. ఏడో రోజు అయిదు. ఆ తర్వాత నుంచి రోజుకి పది దాటింది. అక్షరం అక్షరం వెతుక్కుని కొడుతుంటే మధ్యలో ఆగి, కొట్టిందాన్ని పెదాలతో చదువుకోవడం మొదలైంది. ఒక్కోసారి ఆగిపోయి కిటికీలోంచి బయటికి చూసేది. జాలయ్యని తిట్టడం కూడా తగ్గిందని వంటసాలలో చెప్పుకున్నారు.

ఆరాధన మూడు రోజుల్లోకి వచ్చిన రోజు, తొంభై ఆరో తత్వం దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. లేచి, చేతిలో కాగితంతో గబగబా సామి దగ్గరికి పోయింది. ఆయన పొదిలో సామాను సర్దుకుంటున్నాడు.

"సామీ, ఇది వినండి" అని నిలబడే చదివింది.

"కావడి మోసే బద్దకేం తెలుసు
కుండలో నీళ్ళ చల్లదనం?
దించి దోసిలి పట్టిన వాడికే
తెలిసె దాహం తీరిన గుణం."



"ఎంత బాగుంది సామీ! పెద్దసామిదేనా? పోయిన ఏడు నేను కొట్టినప్పుడు ఇది లేదే. మీరు మధ్యలో చేర్చారా?"

సామి ఆ కాగితం తీసుకుని తిప్పి చూశాడు. పోయిన ఏడు ఆమె తీసిన కాగితమే. అంచున ఆమె కాఫీ గ్లాసు పెట్టిన మరక కూడా ఉంది. తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఉందమ్మా" అన్నాడు నవ్వుతూ. "అప్పుడు నీది బాగా చెయ్యి తిరిగిన పని."