కాటుక పథ్యం

అనగనగా, ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవిలో, వాగు పక్కన ముళ్లపొదలో కాటుక అనే అడవిపంది ఈనింది. ఐదు పిల్లలు. ఒంటి మీద చారలతో, ఒకదాని మీద ఒకటి పడి పాలు తాగేవి. అన్నిటికన్నా చిన్నవాడు పిసరు. పేరుకు తగ్గట్టే పిసరంత ఉండేవాడు.

కాటుకకి అదే మొదటి కాన్పు. ఆకు కదిలితే భయం, పిల్ల తుమ్మితే భయం. భయపడేవాళ్లకి సలహా చెప్పడానికి ఎవరో ఒకరు రానే వస్తారు కదా! వచ్చింది ఎవరనుకున్నారు? దుమ్ములగొండి! పొదకి దూరంగా కూర్చుని, గొంతులో తేనె పోసుకుని పలికింది.

"అమ్మాయ్, బాలింతవి. నోరు కట్టుకోవాలి. గడ్డలు తవ్వి తిన్నావంటే పిల్లలకి కడుపు ఉబ్బుతుంది సుమా!"

కాటుక గడ్డలు మానేసింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. "పచ్చి ఆకులు తింటున్నావా? పిల్లలకి జలుబు చేసి ఊపిరాడదు!"

ఆకులూ మానేసింది.

మూడోసారి వచ్చి, "వానపాములా? ఛీ ఛీ! పాలు విషమైపోతాయి. రాలిన ఇప్పపూలు ఉన్నాయిగా, అవి చాలు" అంది.

కాటుక అదీ నమ్మింది. ఆనాటి నుంచి ఇప్పపూలు తప్ప ఏదీ ముట్టలేదు. డొక్కలు ఎండిపోయాయి. పిల్లల కోసమే కదా అని ఓర్చుకుంది, పిచ్చి తల్లి!

పిల్లలు పాలు తగ్గించి మట్టిలో మూతి పెట్టే వయసు వచ్చింది. తలా ఒక తుంగగడ్డ కొరికాయో లేదో, పొట్టలు ఉబ్బిపోయాయి. నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పిసరైతే లేచి నిలబడలేకపోయాడు.

దుమ్ములగొండి ఇప్పుడు రోజూ వస్తోంది. మొదట దూరంగా బండ దగ్గర కూర్చునేది. తర్వాత చెట్టు దగ్గర. ఆ తర్వాత పొద వాకిట్లోనే. "చూశావా, గడ్డలు ఎంత చెడ్డవో! పథ్యం ఇంకా గట్టిగా పట్టు తల్లీ" అనేది.

ఒకరోజు నీళ్లకి వాగుకి వెళ్లిన కాటుకకి ముట్టెవ్వ కనిపించింది. మట్టి తవ్వి తవ్వి ముట్టె అరిగిపోయిన ముసలి పంది అది. దాన్ని చూడగానే కాటుక ఘొల్లుమంది.

"అవ్వా, నా పిల్లలు నాకు దక్కరేమోనే!"

"ఏడుపాపి చెప్పు. నువ్వేం తింటున్నావే?" అంది ముట్టెవ్వ.

"ఇప్పపూలు. అంతే."

"అంతేనా! ఓసి వెర్రిదానా, తల్లి తిండి సారమే పాలలోకి దిగుతుంది. ఆ పాలు తాగితేనే పిల్లల పేగులు అడవి తిండికి అలవాటు పడతాయి. నీ పిల్లలకి ఇప్పపువ్వు తప్ప ఇంకేం తెలుసు? అందుకే గడ్డని తట్టుకోలేకపోయాయి. ఇంకా కాసిని పాలున్నాయిగా? ముందు నువ్వు అన్నీ తిను. పాలివ్వు. గడ్డలు రవ్వంత రవ్వంత అలవాటు చెయ్యి."

"పాలు విషమైతే?"

"ఎవరే నీకు చెప్పింది?"

"దుమ్ములగొండి పిన్ని."

ముట్టెవ్వ మెల్లగా, "అది ఏం తిని బతుకుతుందో ఎప్పుడైనా ఆలోచించావా?" అంది.

కాటుక భయపడుతూనే గడ్డలు తవ్వింది. ఆకులు నమిలింది. వానపాముల్ని మింగింది. ఆపైన పొద దగ్గరికి ఒకటే పరుగు.

దుమ్ములగొండి అప్పుడే వచ్చి వాకిట్లో కూర్చుంటోంది. "అయ్యయ్యో, మూతికి మట్టి! ఆ పాలు ఇవ్వకు. చేతులారా పిసరుని చంపుకుంటావా?"

కాటుక తటపటాయించింది. ఇవ్వాలా, మానాలా? అప్పుడు దుమ్ములగొండి మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూసింది. దాని కళ్లు కాటుక మీద లేవు. పిసరు మీద ఉన్నాయి. నోట్లోంచి చొంగ కారుతోంది.

కాటుక పిల్లలకి అడ్డంగా పడుకుని పాలిచ్చింది. పాలిస్తున్నంతసేపూ దాని మీద నుంచి చూపు తిప్పలేదు.

రోజులు గడిచాయి. ఒక్కో పిల్లకీ విరేచనాలు కట్టాయి. పిసరు ఒక్కడే ఇంకా తూలుతున్నాడు. ఇక ఆగితే వీడూ దక్కడనుకుంది దుమ్ములగొండి. ఓ సాయంత్రం పిల్లలు వాగు దాటుతుంటే, వెనకబడ్డ పిసరు మీదికి దూకింది.

కానీ కాటుక ఇప్పుడు డొక్కలెండిన పంది కాదు. కడుపు నిండా తింటున్న తల్లి. తల వంచి దూసుకొచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. దుమ్ములగొండి పల్టీ కొట్టి, కుంటుకుంటూ పారిపోయింది. మళ్లీ ఆ వైపు రాలేదు.

పిసరు వచ్చి తల్లి పొట్ట కింద దూరాడు. పాలు అప్పటికే ఇంకిపోయాయి. కాటుక ఒక తుంగగడ్డ పెళ్లగించి, సగం తాను తిని, సగం వాడి ముందు పెట్టింది. వాడు కరకరా నమిలాడు. చీకటి పడేదాకా కాటుక బిక్కుబిక్కుమంటూ వాడి పొట్ట వంకే చూస్తూ కూర్చుంది.

పొట్ట ఉబ్బలేదు. పిసరు ఇంకో గడ్డ కావాలన్నాడు.

నీతి: తల్లి అన్నీ తింటేనే బిడ్డ కడుపు గట్టిపడుతుంది. భయపెట్టి నోరు కట్టేసేవాళ్ల మాట వినే ముందు, దానివల్ల ఎవరి కడుపు నిండుతుందో చూసుకోవాలి.