బంతి నారుకి తలంటు

ఒకప్పుడు బంతి నారుకి మచ్చ అంటే ఏమిటో తెలీదు. చీకూచింతా లేకుండా పెరిగేది. మట్టిలో కుళ్ళు అనే తెగులు ఉండేది కానీ, దానికి కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. కంటికి కూడా ఆనేది కాదు. పడి ఉన్నచోటే పడి ఉండేది.

ఆ రోజుల్లో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమెకి కడుపు పండలేదు. బంతి గింజలు చల్లి, మొలిచిన నారునే పిల్లలనుకుంది. అవి పూస్తే కళ్లారా చూడాలన్న ఆశ ఒక్కటే ఆమెని బతికించింది.

పిల్లలన్నాక తలంటు పోయాలి కదా. లోకమంతా పొద్దున్నే పోస్తుంది. పైడమ్మ పగలంతా కూలికి పోయేది కనక, పొద్దుగూకే వేళకి వచ్చి, చెంబెత్తి నారు తల మీద కుమ్మరించేది.

సూర్యుడు కొండ దిగుతూ చూసి ఆగాడు. నీళ్లు తల మీద కాదు, మొక్క మొదలు దగ్గర పొయ్యమన్నాడు. తను వెళ్లేసరికి ఆకులు ఆరి ఉండాలన్నాడు. పైడమ్మకి ఒళ్లు మండింది.

"పిల్లల్ని ఎలా పెంచాలో నువ్వా నాకు చెప్పేది? నీ దారిన నువ్వు పో," అంది.

ఆ సాయంత్రం చెంబులో నీళ్లు మట్టిని కొట్టి ఎగిరాయి. చిందిన చుక్కని కుళ్ళు పట్టుకుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కచోటే ఉన్నాననీ, కాస్త ఆ ఆకు దాకా ఎక్కించుకోమనీ బతిమాలింది. చుక్క జాలిపడింది. రాత్రంతా ఆకు తడి ఆరలేదు. కుళ్ళు హాయిగా లోపలికి దూరింది.

తెల్లారేసరికి ఒక మొక్క ఆకుల మీద నల్ల మచ్చలు. మురికి అంటిందనుకుంది పిచ్చితల్లి. చెంబు తెచ్చి రుద్ది రుద్ది కడిగింది. మచ్చలు పోలేదు సరికదా, పక్క మొక్కకీ వచ్చాయి. దాన్నీ కడిగి, ఆ తడి చేత్తోనే మూడోదాన్ని నిమిరింది.

"అమ్మా, మమ్మల్ని కడగొద్దు," అంది ఒక మొలక.

మారాం చేస్తోందనుకుని పైడమ్మ ఇంకో చెంబు పోసింది.

మొగ్గ తొడగకముందే మడి మొత్తం నల్లబడి ఒరిగిపోయింది. పైడమ్మ ఏడవలేదు. ఒరిగిన ఆకు మీద మిగిలిన నీటిచుక్కని పట్టుకుని, నా పిల్లల్ని పొట్టన పెట్టుకున్నావంటూ దుమ్మెత్తి పోసింది.

చుక్క అంతా విన్నది. "నా అంతట నేను ఎక్కడికీ వెళ్లలేదు పైడమ్మా. నువ్వు పోసినచోట పడ్డాను," అంది.



అప్పటినుంచే కుళ్ళు నీటిచుక్కనెక్కి ఆకు నుంచి ఆకుకి తిరుగుతోంది. పొద్దుగూకాక తల తడిపితే చాలు, బంతి నారుకి నల్ల మచ్చలు లేస్తాయి. ఎంత ప్రేమగా తడిపితే అంత తొందరగా.