పోలమ్మ చల్లిన పచ్చిక

వెనకటికి ఒక రాజుగారికి కోట ముంగిట పచ్చిక పెంచాలని ముచ్చట పుట్టింది. ఆ పని నెత్తినేసుకున్న దివాను విరూపాక్షయ్య, పచ్చిక మీద ఎవరు కాలు పెట్టినా శిక్ష తప్పదని ముందే దండోరా వేయించాడు. గింజలు మిగిలాయంటే దొంగతనమేనని ఒక తోటమాలిని, గింజలు చాలక జానెడు నేల బోడిగా ఉందని ఇంకొకడిని కొరడాతో కొట్టించాడు. మళ్ళీ నేల దున్నించి, ఈసారి తోటపని చేసే పోలమ్మను పిలిపించాడు.

“ఎన్ని గింజలు కావాలో ఇప్పుడే చెప్పు. ఒక్కటీ మిగలకూడదు, చాలలేదనకూడదు.”

దెబ్బలు తిన్న ఆ తోటమాలులిద్దరి వీపులూ పోలమ్మ కళ్ళముందు మెదిలాయి. కోటగుమ్మం నుంచి రాజమందిరం మెట్ల దాకా నేలను కలయజూసి, “రెండు కుంచాలు, బాబయ్యా” అంది.

రెండు పక్కల అంచుల నుంచీ చల్లుకుంటూ నడిమికి వచ్చేసరికి చేట ఖాళీ అయింది. నడుమ గుమ్మం నుంచి మెట్ల దాకా మూడు మూరల వెడల్పున నేల మిగిలిపోయింది. భటులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలమ్మ మాత్రం దానికి అటూ ఇటూ ఇటుకలు పేర్చి ఇంటికి వెళ్ళింది.

పచ్చిక మొలిచాక దివాను రాజుగారిని వెంటబెట్టుకుని, చేత కొరడాతో వచ్చాడు.

“ఈ బోడి నేల ఏమిటే?”

పోలమ్మ చేతులు కట్టుకుని చెప్పింది. “అది దారి, బాబయ్యా. గడ్డి తొక్కొద్దని తమరే దండోరా వేయించారు. మరి ఏలినవారు మెట్ల దాకా ఎలా వెళ్తారు?”

రాజుగారు దివాను చేతిలోని కొరడా తీసి పక్కన పడేశారు. ఆ దారినే నాలుగడుగులు వేసి ఆగారు.

“ఒకవేళ గింజలు మిగిలి ఉంటే ఏం చేసేదానివి?”

“దారి కాస్త సన్నమయ్యేది, ప్రభూ.”