జిల్లేడాకుల మీద చెయ్యి

ఓబులయ్య స్వామి, ఏదైనా అడిగితే వెంటనే సమాధానం చెప్పే మనిషి కాదండీ. ఏదో ఒక పని మన చేతిలో పెడతాడు, అంతే. ఆ కొండమీది ఆశ్రమానికి ఏళ్ళ తరబడి వస్తున్న సుభాషిణికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఏడు కూతుర్ని వెంటబెట్టుకొచ్చి మరీ అడిగింది. "స్వామీ, దీనికి నర్సింగులో సీటొచ్చింది. హాస్టల్లో ఉండాలట. బయట లోకం ఎట్లా ఉందో మీకు తెలియనిదా? పంపమంటారా, మానమంటారా? రథసప్తమి వెళ్ళగానే చెప్పెయ్యాలి, లేకపోతే సీటు పోతుంది."

స్వామి పిల్లవైపు తిరిగాడు. "నీ పేరేంటమ్మా?"

"నీలవేణి స్వామీ," అంది సుభాషిణి, పిల్ల నుదుటి చెమట కొంగుతో తుడుస్తూ.

"వెళ్ళాలనుందా నీకు?"

"దానికేం తెలుసు స్వామీ, పిచ్చిపిల్ల! నేను కలిపి పెడితే తప్ప అన్నం కూడా తినదు."

నీలవేణి తల వంచుకునే ఉంది. స్వామి సుభాషిణికి పెరట్లోని తెల్లజిల్లేడు మొక్కలు చూపించాడు. "రథసప్తమి స్నానానికి అందరికీ నెత్తిన పెట్టుకోడానికి ఆకులు కావాలి తల్లీ. అప్పటిదాకా ఇక్కడే ఉండి వాటిని నువ్వు చూసుకో."

సుభాషిణి చూసుకోవడమంటే మామూలుగా ఉంటుందా! ఆకుల నిండా విభూతి చల్లినట్టు తెల్లటి పొడి. దుమ్మనుకుంది. దేవుడి పనికొచ్చే ఆకులు ఇంత మురికిగానా అని, ఒక్కో ఆకు మీదా తడి అరచేయి బోర్లించి గట్టిగా అదిమింది. పొడి చేతికి అంటుకొచ్చేసింది, ఆకు చిలకపచ్చగా మెరిసింది. అంచుల సంగతి పట్టించుకోకుండా ఇంకో ఆకు, ఇంకో ఆకు. గోడ మూలనున్న ఒక్క మొక్కే ఆమె చేతికి అందలేదు.

తర్వాత మబ్బు విడిచి ఎండలు కాశాయి.

ఒక మధ్యాహ్నం పెరట్లోకి వెళ్ళిన సుభాషిణి గుమ్మంలోనే ఆగిపోయింది. గాలి లేదు. ఒక్క కాకి అరుపు లేదు. తెల్లటి ఎండలో, ప్రతి ఆకు మీదా మాడిపోయిన గోధుమరంగు చెయ్యి. అయిదు వేళ్ళూ విడివిడిగా. మొక్కల లోపల ఎవరో ఇరుక్కుపోయి, బయటికి రావాలని అరచేతులు ఆనించి తోస్తున్నట్టుగా.

వెనకాలే వచ్చిన వంటామె గంగమ్మ గుండెలు బాదుకుంది. "అమ్మో, దయ్యం చెయ్యే! అదీ ఆడదయ్యం. మగాడిదైతే ఇంత చిన్నగా ఉంటుందా?"

ఆ కేకకి స్వామి చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చాడు. గోడమూల మొక్క మీద చల్లితే చుక్కలు పాదరసంలా జారి కిందపడ్డాయి. సుభాషిణి చూసుకున్న మొక్క మీద చల్లితే జారలేదు. సరిగ్గా ఆ వేళ్ళ మేరకే అంటుకుని నిలబడ్డాయి. ఆకు మీది చెయ్యికి చెమట పట్టినట్టుంది.

"నీ చెయ్యి పెట్టి చూడు తల్లీ."

పెట్టింది. సరిపోయింది. ఎప్పుడో కత్తిపీటకి తెగి వంకరపోయిన చిటికెనవేలితో సహా.

"నేను... నేను దుమ్మే కదా స్వామీ తుడిచింది!"

"దుమ్ము కాదది, మైనం. ఎండలో కంటికి కనబడని చురుకొకటి ఉంటుంది. అది తగిలేకొద్దీ ఆకు మాడిపోకుండా తనంతట తానే ఆ పూత ఒంటికి పూసుకుంటుంది. నీడన పెరిగినదానికి అంతగా పట్టదు."

సుభాషిణి కూతురివైపు చూసింది. నీలవేణి ఎప్పుడొచ్చిందో, ఎండలోనే నిలబడి ఉంది. ఒక్క క్షణం ఆ పిల్ల చెంప మీద కూడా అయిదు వేళ్ళు కనబడ్డట్టయింది సుభాషిణికి. కొంగు అందుకోబోయి వదిలేసింది.

స్వామి మళ్ళీ అడిగాడు. "వెళ్ళాలనుందా అమ్మా నీకు?"

అలవాటు కొద్దీ సుభాషిణి పెదవులు విడివడ్డాయి. అంతలోనే ఆమె చెయ్యి తనకి తెలియకుండానే లేచి తన నోటినే మూసింది. వేళ్ళ సందుల్లోంచి జిల్లేడుపాల వాసన.

పిల్ల తలెత్తింది.

స్వామి సుభాషిణితో మెల్లగా అన్నాడు. "ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంచు తల్లీ."