పెంకు విడిచిన పీత

ఒకప్పుడు పీతకు పుట్టినప్పటి పెంకే చచ్చేదాకా పెంకు. ఒళ్లు పెరిగేది, పెంకు పెరిగేది కాదు. చివరికి వీపు మీద పగులు వచ్చేది.

పగులు చూస్తే, దేవుడిచ్చిన పెంకు పోతుందని పీతలు హడలిపోయేవి. మడచెట్ల కింది బురద తెచ్చి మెత్తేసేవి. పగులు కనపడకుండా మెత్తుకున్న పీతను "ఎంత గట్టి విశ్వాసి!" అని పొగిడేవి. అది కొన్నాళ్లకు లోపలే ఊపిరాడక చచ్చేది. అలా చావడమే మర్యాద అనుకునేవి.

ఒక పొద్దున దీనమ్మ అనే పీతకు వీపు టప్పున పగిలింది.

"అత్తా, ఊపిరాడటం లేదే! చచ్చిపోతున్నాను!"

మేనత్త డెక్కనిండా బురదతో పరుగెత్తుకొచ్చింది. "అరవకుండా వీపు ఇటు తిప్పు. మన వంశంలో పెంకు విప్పుకున్న సిగ్గుమాలినవాళ్లు లేరు" అంటూ మెత్తేసింది.

అప్పుడు అలలు ఆగిపోయాయి. దేవుడి స్వరం వినిపించింది.

"దీనమ్మా, దాన్ని విడిచి బయటికి రా."

"ప్రభువా, ఇది నువ్విచ్చిన పెంకే కదా!"

"ఇచ్చింది నేనే. విడవమనేదీ నేనే."

"ఒడ్డున కొంగ ఉంది! మెత్తటి ఒంటితో వస్తే మింగేస్తుంది."

కొంగ మెడ సాచింది. "రావే తల్లీ, ఒలిచిన పీత తిని ఎన్నాళ్లయిందో!"

దేవుడు కొంగను తరమలేదు. "నేను తోడుంటాను" అన్నాడు, అంతే.

దీనమ్మ కొంగకేసే చూస్తూ ఉండిపోయింది. బురద ఆరేకొద్దీ పెంకు ఇంకా బిగిసింది. పక్కన అత్త కూడా ఆయాసపడుతోంది. ఆమె వీపు మీద ఏడు పొరల బురద ఉంది.

"అత్తా, నువ్వూ రా!"

"నాకేమయిందే? నేను బాగానే..."

మాట పూర్తి కాలేదు. అత్త కాళ్లు చాచేసింది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

పిల్లలూ, భయానికి బురద పూసి దానికి భక్తి అని పేరు పెట్టకూడదు.

"ప్రభువా, భయంగా ఉంది" అని ఏడుస్తూనే దీనమ్మ బురద గీకేసింది. పగులులోంచి వెనక్కి జరిగింది. ఒక్కో కాలూ లాక్కుంది. బయటపడేసరికి ఒళ్లంతా వెన్నముద్దలా ఉంది.

కొంగ నీడ మీద పడింది. టక్! ముక్కు ఖాళీ పెంకులో దిగింది. అది ముక్కు విదిలించుకునేలోగా దీనమ్మ బొరియలో దూరింది.

రెండు రోజులు చీకట్లో వణికింది. అల చప్పుడైనా కొంగే అనుకుంది. మూడోనాటికి ఒంటిమీద కొత్త పెంకు గట్టిపడింది. అందులో ఊపిరి హాయిగా ఆడింది. బయటికొచ్చిన ఆమెను చూసి మిగతా పీతలూ వీపు మీది బురద గీకేసుకున్నాయి.

అప్పటినుంచే ప్రతి పీతా ఒళ్లు పెరిగినప్పుడల్లా పెంకు విడుస్తుంది. విడిచిన ప్రతిసారీ బొరియలో దాక్కుని వణుకుతుంది. భయం ఇప్పటికీ పోలేదు. అయినా విడవడం మానలేదు.