రెక్క కింద భుజం

అది 1968, కొత్తావకాయ కలిపే ఎండాకాలం. యుద్ధనౌకల మీద దిగే జెట్ విమానాలకు సముద్రపు ఒడ్డున ఒక మైదానం ఉండేది. ఓడ మీద చోటు తక్కువ గనక ఆ విమానాల రెక్కల కొసలు పైకి మడుచుకుంటాయి. ఎగిరే ముందు వాటిని చాపి గొళ్ళేలు వేస్తారు. గొళ్ళెం పడితే పైలట్ ముందు చిన్న దీపం వెలుగుతుంది. మెకానిక్కుల పెద్ద బోనెల గవిరయ్య ఆ దీపాన్ని నమ్మడు. చెక్కపెట్టె ఎక్కి, రెక్క కొస కింద భుజం పెట్టి, మెడనరాలు ఉబ్బేదాకా పైకి ఎత్తి చూస్తాడు. కదలలేదంటేనే విమానాన్ని పంపుతాడు. వెనకనుంచి కుర్రకారు "ఓహోం! ఓహోం!" అంటూ పల్లకీ మోసేవాళ్ళ కూత అందుకునేది.

పని నేర్చుకుంటున్న కరీముల్లాకు మూడు నెలల్లో భుజం కాయ కట్టింది. ఒక పొద్దున అడిగేశాడు.

"మాస్టారూ, మన పైలట్ కురియన్ సారు ఒకసారి మడిచిన రెక్కలతోనే ఎగిరి, చుట్టు తిరిగి, క్షేమంగా దిగారంటారు. నిజమేనా?"

"నిజమే."

"మడిచినా ఎగిరే దానికి ఈ మోత ఎందుకండీ? దీపం వెలిగితే చాలదా?"

గవిరయ్య వాదించలేదు. "ఈవేళ ఎగిరేది ఆ సారే. నువ్వే పంపు," అని పక్కకు జరిగాడు.

కురియన్ ఎక్కి కూర్చున్నాడు. రెక్కలు చాపుకున్నాయి. దీపం వెలిగింది. కరీముల్లా నిచ్చెన మీదినుంచి తొంగిచూసి, "గొళ్ళేలు పడ్డాయి సార్, వెళ్ళండి," అన్నాడు.

కురియన్ వాడి భుజం కేసి చూశాడు. చొక్కా నలగలేదు. బెల్టులన్నీ విప్పుకుని కిందికి దిగాడు. పెట్టె లాక్కుని ఎక్కి, రెండు రెక్కల కిందా తానే భుజం పెట్టి ఎత్తాడు. ఆఫీసరు మోస్తున్నాడని చూడకుండా మైదానమంతా "ఓహోం!" అంది. రెక్కలు కదల్లేదు. ఆయన చెమట తుడుచుకుని పకపకా నవ్వాడు.

"సార్, మడిచినా ఎగిరింది కదా!" అన్నాడు కరీముల్లా, సిగ్గుపడుతూనే.

"ఎగిరింది తమ్ముడూ, బంగారంలాంటి విమానం," అన్నాడు కురియన్ వచ్చీరాని తెలుగులో. "పైన ఉన్న ఇరవై నిమిషాలూ మా దేవుణ్ణి పిలిచాను. చాలలేదు. మీ దేవుళ్ళనూ పిలిచాను."

అందరూ ఘొల్లుమన్నారు. విమానం రివ్వున లేచి సముద్రం మీదికి వెళ్ళింది. కరీముల్లా చప్పట్లు కొట్టి, అది చుక్కంతయ్యేదాకా చూశాడు.

"ఆ రోజు మడిచిన రెక్కలతో పంపిన మొనగాడెవడు మాస్టారూ?"

"నేనేరా. టీ చల్లారిపోతోందని తలెత్తకుండానే చెయ్యి ఊపాను."

ఆ తప్పుకు అప్పట్లో గవిరయ్య చొక్కా చేతిమీది హోదా పట్టీ ఒకటి ఊడింది. అది తిరిగి కుట్టించుకోవడానికి ఏడేళ్ళు పట్టింది.